డిచ్‌పల్లి డాక్టరమ్మ: ఇరవై ఐదేళ్ల ఓర్పు పరుగు



ఆదివారం తెల్లవారుజామున ట్యాంక్‌బండ్ మీదికో, నెక్లెస్ రోడ్డుకో వెళ్తే మీకు తరచూ ఒక దృశ్యం కనిపిస్తుంది. ఒకే రంగు టీషర్టులు వేసుకుని వందల మంది పరుగెడుతుంటారు. ఒక వారం గుండె జబ్బుల కోసం, ఇంకో వారం క్యాన్సర్ కోసం, మరో వారం డయాబెటిస్ కోసం. మన పిల్లల్లో కూడా కొందరు మీతో పాటు వెళ్లి, మెడల్ మెడలో వేసుకుని సోమవారం క్లాసుకి వస్తారు. చాలా సంతోషం. ఒక జబ్బు గురించి నలుగురికీ తెలియాలని కాళ్లు నొప్పి పుట్టేదాకా పరుగెత్తడం మంచి అలవాటే.

కానీ ఒక జబ్బు పేరు ఆ టీషర్టుల మీద దాదాపు కనిపించదు. అదే కుష్టు వ్యాధి. మన పెద్దవాళ్లు దాని పేరు పలకడానికి కూడా భయపడి పెద్ద రోగం అనేవారు. జనవరి నెల చివరి ఆదివారం ప్రపంచ కుష్టు దినం. మన దేశంలో గాంధీజీ వర్ధంతి అయిన జనవరి 30న దీన్ని పాటిస్తాం. అందుకే ఈ సంచికలో ఒక డాక్టరమ్మ జీవితం గురించి మీకు చెప్పాలనుకున్నాను. ఆమె పేరు ఇసబెల్ కెర్. ఆమె పనిచేసిన చోటు మనకు దూరం కాదు. నారాయణగూడ నుంచి పది నిమిషాల్లో కాచిగూడ స్టేషన్‌కి వెళ్లి నిజామాబాద్ వైపు రైలెక్కితే, నిజామాబాద్ రాకముందే డిచ్‌పల్లి వస్తుంది. ఆమె పరుగు అక్కడే సాగింది. ఆ పరుగు ఒక ఆదివారంతో అయిపోలేదు, ఇరవై ఐదేళ్లు నడిచింది.

స్కాట్లాండ్ పొలం నుంచి ఇందూరు దాకా

ఇసబెల్ 1875లో స్కాట్లాండ్ ఈశాన్య తీరానికి దగ్గర్లో ఒక రైతు కుటుంబంలో పుట్టారు. పెళ్లికి ముందు ఆమె ఇంటిపేరు గన్. ఆ రోజుల్లో ఆడపిల్ల డాక్టర్ చదవడం అక్కడ కూడా మామూలు విషయం కాదు. స్కాట్లాండ్ విశ్వవిద్యాలయాలు ఆడవాళ్లకు డిగ్రీలు ఇవ్వడం మొదలుపెట్టి అప్పటికి ఎక్కువ కాలం కాలేదు. ఇసబెల్ అబర్డీన్ విశ్వవిద్యాలయంలో వైద్యం చదివి 1903లో పట్టా తీసుకున్నారు. జార్జ్ కెర్ అనే పాస్టర్‌ని పెళ్లి చేసుకున్నారు. ఆయన అంతకుముందే ఆఫ్రికాలో మిషనరీగా పనిచేసి వచ్చారు.

1907లో ఈ దంపతులు వెస్లియన్ మెథడిస్ట్ మిషన్ తరఫున హైదరాబాద్ రాజ్యానికి వచ్చారు. అప్పుడు ఇక్కడ ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ పాలన. వాళ్లు వచ్చిన మరుసటి ఏడాదే, 1908 సెప్టెంబర్‌లో, మూసీ వరద నగరాన్ని ముంచేసింది. కెర్ దంపతులకు కేటాయించిన చోటు మాత్రం నగరం కాదు, నిజామాబాద్. ఆ ఊరి పాత పేరు ఇందూరు. 1905లోనే పేరు మారింది. గోదావరి లోయ వైపు రైలు మార్గం అప్పటికే పడి ఉంది కానీ, రైలు దిగాక పల్లెలకు వెళ్లాలంటే ఎడ్లబండి, లేదంటే నడక.

ఒక్కసారి ఊహించుకోండి. చలిదేశంలో పుట్టి పెరిగిన మనిషి. మే నెలలో నిజామాబాద్ ఎండ ఎలా ఉంటుందో మీలో ఆ వైపు బంధువులున్న వాళ్లకు బాగా తెలుసు. ఫ్యాన్ లేదు, ఫ్రిజ్ లేదు, తెలుగు రాదు, ఉర్దూ రాదు. మన పిల్లలకు కొత్త సెక్షన్‌కి మారితేనే రెండు వారాలు ఇబ్బందిగా ఉంటుంది. ఆమె దేశం, భాష, వాతావరణం, తిండి అన్నీ ఒకేసారి మార్చుకున్నారు.

ఎవరూ ముట్టుకోని రోగులు

నిజామాబాద్‌లో పని మొదలుపెట్టాక ఆమె ఒక విషయం గమనించారు. జ్వరం వచ్చినవాళ్లు, కాన్పు కష్టమైనవాళ్లు, పుండ్లు పడ్డవాళ్లు ఏదో ఒక వైద్యుడి దగ్గరికి వెళ్తున్నారు. కుష్టు రోగులకు మాత్రం వెళ్లే చోటే లేదు. ఊరి బయట ఉండాలి. బావి దగ్గరికి రాకూడదు. పెళ్లిళ్లకు, జాతరలకు రాకూడదు. ఇంట్లో ఒకరికి వస్తే ఆ ఇంటి పిల్లలకు సంబంధాలు కుదరవు. అందుకే చాలా కుటుంబాలు మచ్చను దాచేవి. దాచినకొద్దీ జబ్బు ముదిరేది. ముదిరాక దాచడం కుదరదు, అప్పుడు మనిషిని వెళ్లగొట్టడమే.

ఇది మన ఊళ్లలోనే జరిగిందనుకోకండి. యూరప్‌లో కూడా వందల ఏళ్ల పాటు ఇదే పరిస్థితి. బ్రిటిష్ ఇండియాలో 1898లో ఒక ప్రత్యేక చట్టమే తెచ్చి, బిచ్చమెత్తుకునే కుష్టు రోగులను పట్టుకుని ఆశ్రమాల్లో ఉంచే అధికారం ఇచ్చారు. అంటే రోగిని రోగిగా కాకుండా నేరస్తుడిలా చూశారు. ఆ చట్టం రద్దయింది ఎప్పుడో తెలుసా? 2016లో. మీ పెద్దబాబు అప్పటికే స్కూల్లో చేరి ఉంటాడు!

ఇసబెల్ కెర్ ఈ రోగులను చూడడం మొదలుపెట్టారు. మొదట నిజామాబాద్‌లోనే, చిన్నగా. ఒకరికి చూస్తున్నారని తెలియగానే పది మంది వచ్చారు. పది మందిని చూసి ఇంకెందరో వచ్చారు. చోటు చాలలేదు. ఊరి మధ్యలో ఇలాంటి ఆసుపత్రిని పెంచడమూ సాధ్యం కాదు. వేరే స్థలం, వేరే భవనాలు కావాలి. దానికి డబ్బు కావాలి.

ఆ డబ్బు ఇచ్చిన వ్యక్తి పేరు మన పిల్లలకు తప్పకుండా తెలియాలి. ఆయన రాజా నర్సాగౌడ్. నిజామాబాద్‌లో సంపన్నుడైన హిందూ వ్యాపారి. ఒక క్రైస్తవ మిషన్ డాక్టరు, ముస్లిం నవాబు పాలించే రాజ్యం, హిందూ దాత, అన్ని కులమతాల రోగులు. ఈ నలుగురూ కలిస్తే డిచ్‌పల్లి విక్టోరియా ఆసుపత్రి వచ్చింది. అది 1915లో మొదలైంది. సోషల్ క్లాసులో లౌకికత్వం అనే పాఠం చెప్పేటప్పుడు నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు.

సూది మందు, సహనం

ఇప్పుడు కొంచెం సైన్స్. కుష్టు వ్యాధికి కారణం ఒక బ్యాక్టీరియా అని 1873లో నార్వే వైద్యుడు హాన్సెన్ కనిపెట్టారు. శాపం కాదు, పాపం కాదు, వంశపారంపర్యం కాదు అని అప్పుడే తేలిపోయింది. కానీ మందు లేదు. మన దేశంలో ఎప్పటినుంచో వాడుతున్న చాల్‌మోగ్రా నూనె ఒక్కటే దిక్కు. దాన్ని తాగిస్తే కడుపులో తిప్పి వాంతులయ్యేవి. చాలామంది మధ్యలోనే మానేసేవారు. సూదితో ఎక్కిద్దామంటే అది చిక్కటి నూనె. చర్మం కింద గడ్డలు కట్టేది.

ఇక్కడ మన అమ్మాయిలకు చెప్పదగ్గ ఇంకో పేరు ఉంది. ఆలిస్ బాల్. హవాయిలో కెమిస్ట్రీ చదివిన నల్లజాతి యువతి. ఆ నూనెను శరీరం పీల్చుకునే విధంగా సూదిమందుగా మార్చే పద్ధతి 1915 ప్రాంతంలో కనిపెట్టింది. అప్పుడు ఆమెకు 23 ఏళ్లు. మరుసటి ఏడాదే చనిపోయింది. ఆమె పేరు చాలా కాలం ఎవరికీ తెలియలేదు. ఇటు మన దేశంలో, కలకత్తాలో లియోనార్డ్ రోజర్స్, ఎర్నెస్ట్ ముయిర్ అనే వైద్యులు అదే దిశలో పనిచేసి సూదిమందు చికిత్సను పద్ధతిగా తయారుచేశారు. ముయిర్ ఇంకో సంగతి కూడా గట్టిగా చెప్పేవారు. సూది ఒక్కటే చాలదు, రోగికి మంచి తిండి, వ్యాయామం కావాలి, ఒంట్లో ఉన్న మలేరియా, నులిపురుగులు లాంటి ఇతర జబ్బులను కూడా నయం చేయాలి అని.

ఈ కొత్త చికిత్స డిచ్‌పల్లికి వచ్చింది. దాంతో ఆ చోటు స్వభావమే మారిపోయింది. అంతవరకు కుష్టు ఆశ్రమం అంటే చావు వచ్చేదాకా తలదాచుకునే చోటు. డిచ్‌పల్లి మాత్రం నయం చేసుకుని ఇంటికి వెళ్లగలిగే ఆసుపత్రి అయింది. ఈ తేడా చిన్నది కాదు. ఆశ్రమానికి చివరి దశలో వస్తారు. ఆసుపత్రికి మొదటి మచ్చ కనిపించగానే వస్తారు. తొందరగా వస్తేనే చేతులు, కాళ్లు, కళ్లు దక్కుతాయి. నయమై ఊరికి తిరిగి వెళ్లిన ఒక్క మనిషి, మచ్చలు దాచుకుంటున్న పది మందిని బయటికి తీసుకొస్తాడు. ఈ రోజుల్లో మనం అవేర్‌నెస్ అంటున్నది ఇదే. అప్పుడు టీషర్టు లేదు, బ్యానర్ లేదు. నయమైన మనిషే బ్యానర్.

కానీ ఈ చికిత్స ఎంత కష్టమో ఆలోచించండి. ఆ సూదులు ఒకటి రెండు కాదు. వారం వారం, నెలల తరబడి, కొందరికి ఏళ్ల తరబడి. మన పిల్లలు నారాయణగూడ ప్రివెంటివ్ మెడిసిన్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒక టీకా వేయించుకోవడానికి ఎంత ఏడుస్తారో మీకు తెలుసు. డిచ్‌పల్లి రోగులు నొప్పి పుట్టించే సూది కోసం వారం వారం తామే వచ్చి వరుసలో నిలబడ్డారు. ఫలితం ఇవాళ కనపడదు, రేపు కనపడదు, ఆరు నెలలకైనా కనపడుతుందన్న హామీ లేదు. అయినా వచ్చారు. నిజమైన ఓర్పు పరీక్ష ఇది. దీన్ని రాసింది డాక్టరమ్మ ఒక్కరే కాదు, పేర్లు ఎక్కడా లేని ఆ రోగులందరూ రాశారు.

భర్త జార్జ్ ఆసుపత్రి నిర్వహణ చూసుకునేవారు, ఆమె వైద్యం చూసేవారు. ఈ సేవకు 1923లో దంపతులకు ఆనాటి ప్రభుత్వం కైజర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది. పతకం వచ్చాక చాలామంది విశ్రాంతి తీసుకుంటారు. ఆమె తీసుకోలేదు. 1932లో ఈ నేల మీదే కన్నుమూశారు. ఆమె పోయాక కూడా జార్జ్ కొన్నేళ్లు పని కొనసాగించారు. డిచ్‌పల్లిలో పనిచేసిన మరో వైద్యుడు జాన్ లో ఆ తర్వాత కలకత్తాకు, అక్కడి నుంచి నైజీరియాకు వెళ్లారు. డాప్సోన్ అనే మాత్రతో కుష్టును నయం చేయవచ్చని 1940ల చివర్లో చూపించిన వాళ్లలో ఆయన ఒకరు. నూనె సూది నుంచి మాత్రకు ప్రపంచం మారిన ఆ ప్రయాణంలో మన తెలంగాణ పల్లె కూడా ఒక మజిలీ అన్నమాట.

గుర్రం మీద వెళ్లిన నర్సు

ఇదే జబ్బు కోసం నిజంగానే సాహసయాత్ర చేసిన మనిషి ఒకరున్నారు. పిల్లలకు ఈ కథ చాలా నచ్చుతుంది కాబట్టి చెప్తున్నాను. కేట్ మార్స్‌డెన్ అనే ఇంగ్లిష్ నర్సు 1891 ఫిబ్రవరిలో మాస్కో నుంచి బయలుదేరారు. సైబీరియాలో కుష్టును నయం చేసే ఒక మూలిక ఉందని విన్నారు. ఎన్ని బట్టలు తొడుక్కున్నారంటే, మోకాళ్లు వంగక, స్లెడ్జ్ బండిలోకి ఆమెను ముగ్గురు మనుషులు ఎత్తి కూర్చోబెట్టాల్సి వచ్చిందట. తినడానికి 18 కిలోల క్రిస్మస్ పుడ్డింగ్ వెంట తీసుకెళ్లారు. తోడు వచ్చిన స్నేహితురాలు జబ్బుపడి సగం దారిలో ఆగిపోయారు. అయినా ఆమె ముందుకే వెళ్లారు. యాకుత్స్క్ నుంచి అడవుల్లో, బురదలో, దోమల మధ్య గుర్రం మీద రానూపోనూ సుమారు 2,000 మైళ్లు, అంటే 3,200 కిలోమీటర్లు తిరిగారు.

మూలిక జబ్బును నయం చేయలేదు. కానీ అడవిలో గుడిసెల్లో వెలివేసిన రోగులను ఆమె కళ్లారా చూసి, తిరిగి వచ్చి పుస్తకం రాసి, డబ్బు సేకరించారు. ఆ ప్రాంతంలో రోగులకు ఆసుపత్రి ఏర్పడింది. తర్వాత ఆమె మీద రకరకాల ఆరోపణలు వచ్చాయి, పేరు దెబ్బతింది, 1931లో పేదరికంలో చనిపోయారు.

ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూడమని మీ పిల్లలను అడగండి. ఒకరు ఏడాదిలో పదకొండు వేల మైళ్లు తిరిగారు. ఇంకొకరు ఇరవై ఐదేళ్లు ఒకే జిల్లాలో ఉన్నారు. మార్స్‌డెన్ యాత్ర వల్ల లోకం కళ్లు తెరిచింది. కెర్ దంపతుల వల్ల రోగి ఇంటికి తిరిగి వెళ్లాడు. రెండూ కావాలి. అయితే మన పిల్లలకు మొదటి రకం ఓర్పు సులభంగా అర్థమవుతుంది, ఎందుకంటే అందులో సాహసం ఉంది, ఫోటో ఉంది. రెండో రకం ఓర్పును మనమే చూపించాలి. దానికీ దూరం వెళ్లక్కర్లేదు. అశోక్ నగర్ చౌరస్తా దగ్గర సిటీ సెంట్రల్ లైబ్రరీలో గ్రూప్స్‌కి చదువుతున్న అన్నయ్యలను, అక్కలను చూపించండి. పొద్దున్నుంచి రాత్రి దాకా, నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో తెలియకుండా, ఏళ్లకేళ్లు కూర్చుంటారు. చప్పట్లు ఉండవు, మెడల్ ఉండదు.

ఇవాళ పరిస్థితి ఏమిటి?

ఈ జబ్బు ఎప్పుడో పోయింది కదా అని మీలో చాలామంది అనుకుంటూ ఉండవచ్చు. పోలేదు. ప్రతి పదివేల మందిలో ఒకరికంటే తక్కువకు తగ్గిందని మన దేశం 2005 డిసెంబర్‌లో ప్రకటించుకుంది. అది పెద్ద విజయమే. కానీ ఇప్పటికీ ఏటా లక్షకు పైగా కొత్త కేసులు ఇక్కడ బయటపడుతున్నాయి. ప్రపంచంలో వచ్చే కొత్త కేసుల్లో సగానికి పైగా మనవే. వాటిలో పిల్లలు కూడా ఉన్నారు.

భయపడకండి, ఎందుకంటే ఇప్పుడు మందు ఉంది. 1982 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు చేస్తున్న బహుళ ఔషధ చికిత్సలో రిఫాంపిసిన్, డాప్సోన్, క్లోఫాజిమిన్ అనే మూడు మందులుంటాయి. తీవ్రతను బట్టి ఆరు నెలలు లేదా పన్నెండు నెలలు వాడితే చాలు. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో పూర్తిగా ఉచితం. మందు మొదలుపెట్టిన కొద్ది రోజులకే రోగి నుంచి ఇతరులకు అంటుకునే ప్రమాదం పోతుంది. కాబట్టి రోగి ఇంట్లోనే ఉండవచ్చు, స్కూలుకి రావచ్చు, ఉద్యోగానికి వెళ్లవచ్చు.

అసలు ఇది అంత తేలిగ్గా అంటుకునే జబ్బే కాదు. దాదాపు 95 శాతం మందికి సహజంగానే దీన్ని తట్టుకునే శక్తి ఉంటుంది. చికిత్స తీసుకోని రోగితో చాలా కాలం దగ్గరగా ఉంటేనే, ముక్కు, నోటి తుంపర్ల ద్వారా వచ్చే అవకాశం ఉంది. చేయి కలిపితే, పక్కన కూర్చుంటే, ఒకే బెంచీ పంచుకుంటే రాదు. ఈ బ్యాక్టీరియా చాలా నెమ్మదిగా పెరుగుతుంది. లక్షణాలు కనపడడానికి సగటున ఐదేళ్లు, ఒక్కోసారి ఇరవై ఏళ్లు కూడా పడుతుంది.

వేళ్లు రాలిపోతాయన్న భయం కూడా మనలో బలంగా ఉంది. జబ్బు వేళ్లను తినేయదు. అది నరాలను దెబ్బతీస్తుంది, స్పర్శ పోతుంది. నొప్పి తెలియదు కాబట్టి వేడి గిన్నె పట్టుకున్నా, కాలికి ముల్లు గుచ్చుకున్నా మనిషికి తెలియదు. ఆ గాయాలు పుండ్లై, ముదిరి, వేళ్లు కురచ అవుతాయి. దీన్ని స్పష్టంగా చూపించి, వంకర తిరిగిన చేతులకు ఆపరేషన్లు చేసి మళ్లీ పని చేయించిన డాక్టర్ పాల్ బ్రాండ్ మన పక్కనే తమిళనాడు వెల్లూరులో పనిచేశారు. నొప్పి అనేది దేవుడిచ్చిన అలారం అని పిల్లలకు చెప్పడానికి ఇది మంచి సందర్భం.

ఈ కథ మీకే ఎందుకు చెప్తున్నాను?

నేను ఇంతకుముందు పనిచేసిన ఒక స్కూల్లో ఐదో తరగతి పాప ఒకతె ఉండేది. లెక్కల్లో చురుకు. చేతుల మీద, పెదవి పక్కన తెల్ల మచ్చలు వచ్చాయి. అది బొల్లి. కుష్టు కాదు, అంటువ్యాధి అసలే కాదు, స్పర్శ మామూలుగానే ఉంటుంది. కానీ రెండు నెలల్లో ముగ్గురు తల్లిదండ్రులు వచ్చి తమ పిల్లల్ని ఆ బెంచీ నుంచి మార్చమన్నారు. డాక్టర్ రాసిచ్చిన కాగితం చూపించినా ఒకరు ఒప్పుకోలేదు. ఏప్రిల్ ఎండలో ఆ పాప ఫుల్ హ్యాండ్స్ స్వెటర్ వేసుకుని వచ్చేది. లంచ్ బాక్స్ ఒక్కతే తినేది. జూన్‌లో బడి తెరిచాక అటెండెన్స్ రిజిస్టర్‌లో ఆమె పేరు లేదు. వేరే చోటికి వెళ్లిపోయారు.

నూరేళ్ల కిందట ఇందూరు పల్లెల్లో బావి దగ్గరికి రానివ్వలేదు. ఇప్పుడు మనం ఏసీ క్లాస్‌రూమ్‌లో బెంచీ దగ్గరికి రానివ్వడం లేదు. పిల్లలకు ఈ భయం పుట్టుకతో రాదు. చిన్న క్లాసుల్లో చూడండి, ఎవరి చేయైనా పట్టుకుంటారు. ఇంట్లో మనం పలికే ఒక్క మాట, పార్కులో చేయి పట్టి వెనక్కి లాగిన ఒక్క లాగు, వాళ్లకు అంతా నేర్పేస్తుంది. దానికి ఇంకో నష్టం ఉంది. మచ్చ ఉంటే వెలివేస్తారని తెలిసిన పిల్లవాడు తన ఒంటి మీద మచ్చ వస్తే అమ్మకు చూపించడు. దాస్తాడు. దాచినకొద్దీ ఏమవుతుందో పైన చదివారు.

ఈ నెలలో ఇంట్లో చేయగలిగినవి

1. ఒక ఆదివారం స్నానం చేయించేటప్పుడు పిల్లల ఒంటి మీద మచ్చలున్నాయేమో చూడండి. పాలిపోయిన లేదా ఎర్రటి మచ్చ ఉండి, అక్కడ దూదితో తాకితే తెలియకపోతే వెంటనే డాక్టర్‌కి చూపించండి. చాలా మచ్చలు శోభి, తామర, పోషకాహార లోపం లాంటివే అయి ఉంటాయి. మీకు మీరే నిర్ణయించుకోకండి, మెడికల్ షాపు క్రీములు పూయకండి. దగ్గర్లోని బస్తీ దవాఖానాలో కూడా అడగవచ్చు.

2. ఇంట్లో పనిచేసే అమ్మాయికో, వాచ్‌మన్ కుటుంబానికో ఇలాంటి మచ్చలు కనిపిస్తే పనిలోంచి తీసేయకండి. ఆసుపత్రికి పంపండి, ఆ రోజు జీతం కోయకండి. మందు మధ్యలో ఆపకుండా చూడండి. క్లోఫాజిమిన్ వాడితే కొంతకాలం ఒళ్లు నల్లబడుతుంది, తర్వాత తగ్గుతుంది. ఆ సంగతి ముందే చెప్తే భయపడి మానేయరు.

3. కుష్టు అనే మాటను తిట్టుగా వాడడం మానేద్దాం. సినిమాలో వస్తే పిల్లలకు అది ఎందుకు తప్పో అక్కడే చెప్పండి.

4. క్లాసులో ఎవరి చర్మం రంగు, మచ్చల గురించైనా సందేహం వస్తే ముందు క్లాస్ టీచర్‌ని అడగండి. వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. బెంచీ మార్చమని అడిగే ముందు డాక్టర్ ఏమన్నారో తెలుసుకోండి.

5. సెలవుల్లో కాచిగూడలో రైలెక్కి డిచ్‌పల్లి వెళ్లి రండి. అక్కడి గుట్ట మీది రామాలయం శిల్పాలు చూడదగ్గవి. దారిలో ఈ డాక్టరమ్మ కథ, నర్సాగౌడ్ గారి కథ చెప్పండి.

డబ్బు సాయం చేయాలనుకునే పిల్లలు చిన్నవాళ్లమని వెనకాడనక్కర్లేదు. మన నగరంలోనే చర్లపల్లిలో కుష్టు, క్షయ వ్యాధుల మీద పరిశోధన చేసే బ్లూ పీటర్ కేంద్రం ఉంది. బ్రిటన్‌లో ఒక పిల్లల టీవీ కార్యక్రమం చూసిన పిల్లలు, వాళ్ల కుటుంబాలు పోగుచేసిన డబ్బుతో అది నిలబడింది. ఆ పేరు కూడా ఆ కార్యక్రమానిదే. అక్కడి పిల్లలు మన రోగుల కోసం అంత చేయగలిగితే, చిక్కడపల్లి పిల్లలు తమ పక్క బెంచీ స్నేహితుడి కోసం లంచ్ బాక్స్ పంచుకోలేరా?

వచ్చే ఆదివారం మీరు ఏదైనా పరుగుకు వెళ్తే తప్పకుండా వెళ్లండి, పిల్లల్నీ తీసుకెళ్లండి. ఫినిష్ లైన్ దాటాక, ఇంటికి వచ్చే దారిలో, మన వీధి మలుపులో కట్టు కట్టిన చేతులతో కూర్చున్న పెద్దాయన కనిపిస్తే, మీ పిల్లల చేయి పట్టి అవతలి వైపుకు లాగకండి. ఆగి, ఆయన పేరు అడగండి. మీ పిల్లలు మిమ్మల్ని చూస్తూ ఉంటారు.

– ఇంగ్లిష్ ఉపాధ్యాయిని, చిక్కడపల్లి బ్రాంచ్